ఈ-టెండరు నేర్చుకుందాం – 4వ పాఠం: తాళాలు ఎవరి చేతిలో ఉన్నాయి?

పోయిన పాఠంలో ఎస్టిమేట్‌లోని ఐటెమ్‌లను ధరల పట్టికలోకి ఎక్కించడం చూశాం. అభ్యాసం చేసినవాళ్ల దగ్గర ఈపాటికి ఒక పంట కాలవ పూడికతీతకు పట్టిక తయారుగా ఉంటుంది. చేయనివాళ్లు ముందు అది పూర్తి చేసుకుని రండి, ఈ పాఠం దాని మీదే నడుస్తుంది.

ఈసారి పనులు రెండు: బిడ్లు, అంటే పనికి కాంట్రాక్టర్లు ధర కోట్ చేస్తూ వేసే దరఖాస్తులు, తెరిచే అధికారులను ఎంచుకోవడం; తేదీలు వేయడం. కంప్యూటర్ ముందు రెండూ కలిపి పావుగంట పని. నేను చూసినంతలో టెండర్లు చెడింది మాత్రం ఇక్కడే.

ముందు లోపల జరిగేది తెలుసుకోవాలి. కాగితం టెండర్ల రోజుల్లో ఆఫీసు వరండాలో లక్క సీలు వేసిన పెట్టె ఉండేది. పెట్టెకు భయం లేదు, భయమంతా పెట్టె దాకా వెళ్లడానికే. నలుగురు రింగు కట్టి గేటు దగ్గర నిలబడితే ఐదోవాడి కవరు లోపలికి వచ్చేది కాదు. మన ఆంధ్రప్రదేశ్‌లో 2003లో ఈ-ప్రొక్యూర్‌మెంట్, అంటే ఆన్‌లైన్ టెండర్లు, మొదలుపెట్టినప్పుడు మొదట తీరిన బాధ అదే. అంతర్వేదిలో కూర్చున్న చిన్న కాంట్రాక్టరైనా ఎవరికీ ముఖం చూపించకుండా బిడ్ వేయగలుగుతున్నాడు. ఎంతమంది వేశారో, ఎవరు వేశారో తెరిచేదాకా ఎవరికీ తెలియదు. నా దృష్టిలో ఈ పద్ధతిలో అన్నిటికంటే విలువైనది ఇదే.

బిడ్‌లో రెండు కవర్లుంటాయి: ఒకటి అర్హతల కవరు, రెండోది ధర కవరు. గోదావరి కాలవల మీద ధవళేశ్వరం, బొబ్బర్లంక, విజ్జేశ్వరం లాకులు చూసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. పడవ లోపలికి వచ్చాక ఎగువ తలుపు మూస్తారు, నీటి మట్టం సమం చేస్తారు, ఆ తరవాతే దిగువ తలుపు తీస్తారు. ఇక్కడా అంతే. అర్హతల పరిశీలన పూర్తయి, ఎవరు నిలిచారో ఎవరు పోయారో సైట్‌లో నమోదయ్యాకే ధర కవరు తెరుచుకుంటుంది. నిలవనివాడి ధర కవరు తెరుచుకోదు.

ఇక తాళాల సంగతి. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐసీ (నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్) తయారుచేసిన ఈ-టెండర్ల వ్యవస్థ జెప్‌నిక్‌నే తీసుకుందాం. టెండరు తయారుచేసేటప్పుడే బిడ్లు తెరిచేవాళ్ల పేర్లు అడుగుతుంది. ఇద్దరిలో ఇద్దరా, ముగ్గురిలో ఇద్దరా, నలుగురిలో ఇద్దరా అన్నది మీరే ఎంచుకోవాలి. నలుగురిలో ఇద్దరు అంటే, పేర్లు పెట్టిన నలుగురిలో ఏ ఇద్దరు వచ్చినా బిడ్ తెరుచుకుంటుంది. ఆ పేర్లు ఊరికే రికార్డు కోసం కాదు. కాంట్రాక్టరు బిడ్ వేసినప్పుడు అది ఆ అధికారుల డిజిటల్ సర్టిఫికెట్లతోనే తాళం పడుతుంది. తీసే కీ వాళ్ల దగ్గరున్న యూఎస్‌బీ టోకెన్‌లో (పెన్ డ్రైవ్ లాంటిది) ఉంటుంది, మామూలుగా దానికి నకలు తీయడం కుదరదు. సర్వర్ నడిపేవాళ్లు కూడా ఆ బిడ్ చదవలేరు. అందుకే కొత్త టోకెన్ తెచ్చుకున్నా, పాత సర్టిఫికెట్‌తో తాళం పడిన బిడ్ దానితో తెరుచుకోదు.

ఇది నాకు దెబ్బ తగిలాకే తెలిసింది. అప్పట్లో నేను పనిచేసే ఆఫీసులో ఒక టెండరుకు ఇద్దరిలో ఇద్దరు అని పెట్టాను. ఉన్నది ఇద్దరు అధికారులే, ఇంకొకరి పేరెందుకు అనుకున్నాను. బిడ్లు వచ్చాయి. తెరవాల్సిన రోజుకు ముందు ఒకాయనకు బదిలీ అయింది. వెళ్తూ వెళ్తూ పాత టోకెన్‌లోదంతా చెరిపించి, కొత్త సర్టిఫికెట్ వేయించుకున్నారు. ఆయన తప్పేమీ లేదు, నేను ముందుగా చెప్పలేదు. ఆ బిడ్లు ఇక తెరుచుకోలేదు. మళ్లీ పిలిచేసరికి కాలవకు నీళ్లు వదిలేశారు. ఆ ఏడాది సార్వాలో శివారు చేలకు నీరు అందక, ఒక పెద్దాయన తడి లేని నారుమడి మట్టి గుప్పెట్లో తెచ్చి నా బల్ల మీద పోసి వెళ్లాడు. ఒక్క మాట కూడా అనలేదు. ఆ మట్టి తుడవడానికి నాకు చాలాసేపు చేతులు రాలేదు.

కాబట్టి ఎప్పుడూ నలుగురిలో ఇద్దరు అనే పెట్టండి. నలుగురూ ఒకే సెక్షన్‌లోని వాళ్లు కాకుండా చూడండి. పేరు పెట్టే ముందు ప్రతి ఒక్కరి సర్టిఫికెట్ గడువు చూడండి, ధర కవరు తెరిచే తేదీ దాటి కనీసం రెండు నెలలుండాలి. టోకెన్ పాస్‌వర్డు కాగితం మీద రాసి టోకెన్‌కు చుట్టి ఇంకొకరికి ఇచ్చే అలవాటు చాలా ఆఫీసుల్లో ఉంది. దయచేసి ఆ పని చేయవద్దు. 2000 నాటి ఐటీ చట్టం ప్రకారం ఆ టోకెన్‌తో పడే డిజిటల్ సంతకం మీ చేతి సంతకంతో సమానం.

తేదీలు వెనక నుంచి లెక్కపెట్టాలి. మన డెల్టాలో పనికి దొరికే కాలం దాళ్వా కోతలయ్యాక కాలవలు కట్టేసే ఆ కొద్ది వారాలే. ఏప్రిల్ 16న పని మొదలవ్వాలనుకుందాం. అగ్రిమెంటుకు 10 రోజులు తీసేస్తే ఏప్రిల్ 6. పరిశీలనకు 8 రోజులు తీసేస్తే మార్చి 29. బిడ్లు వేయడానికి 14 రోజులు ఇస్తే మార్చి 15. ఇక్కడితో ఆపేస్తారు చాలామంది. మొదటి పిలుపుకు ఎవరూ రాకపోతే? రెండో పిలుపుకు 7, దాని పరిశీలనకు ఇంకో 8 పక్కన పెట్టండి. అంటే ఫిబ్రవరి 28కి నోటీసు సైట్‌లో ఉండాలి, దాళ్వా చేలు ఇంకా పచ్చగా ఉండగానే. బిడ్లకు ఇవ్వాల్సిన రోజులు మీ శాఖ ఉత్తర్వును బట్టి మారతాయి. కేంద్ర ప్రభుత్వ శాఖల కొనుగోళ్లకైతే 2017 సాధారణ ఆర్థిక నియమాలు మామూలుగా మూడు వారాలకు తక్కువ వద్దంటాయి.

ఆఖరి గడువు సాయంత్రం ఐదు గంటలకని పెట్టకండి. మన లంక గ్రామాల్లో కరెంటు, నెట్ సంగతి మీకు తెలియనిది కాదు. సైట్ తన సర్వర్ గడియారాన్నే నమ్ముతుంది, ఒక్క నిమిషం దాటినా తీసుకోదు. మధ్యాహ్నం మూడైతే ఇబ్బంది వచ్చినవాడికి ఫోన్ ఎత్తే మనిషి ఆఫీసులో ఉంటాడు. ఆదివారం, పండగ, పండగ మర్నాడు వద్దు.

ఈ వారం అభ్యాసం: మీ పట్టికలోని పనికి కాలవ కట్టే తేదీ నుంచి వెనక్కి లెక్కవేసి ఐదు తేదీలు రాయండి. తరవాత మీ ఆఫీసులో టోకెన్ ఉన్న అందరి దగ్గరికీ వెళ్లి, సర్టిఫికెట్ గడువు, ఈ వేసవిలో బదిలీ అయ్యే అవకాశం రెండూ అడిగి ఒక కాగితం మీద రాసుకోండి. వాళ్లలోంచి నలుగురిని ఎంచండి. వచ్చే పాఠంలో ఆ కాగితం పక్కన పెట్టుకుని నోటీసు వేద్దాం.