గండిపేటకు బయలుదేరే ముందు వికారాబాదులో వాన సంగతి కనుక్కోండి

తొలకరి పడిందంటే చాలు, హైదరాబాదు వాళ్లకు గండిపేట గుర్తుకొస్తుంది. పులిహోర డబ్బాలు, దుప్పటి, పిల్లల బంతి సర్దుకుని ఆదివారం పొద్దున్నే బయలుదేరతారు. మా ఇంట్లోనూ అంతే. గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాదు వదిలి వెళ్లడని మా నాన్నగారు గర్వంగా చెప్పేవారు. ఆ నీటి మీద నాకున్న ప్రేమ కొద్దీ, ఈ వానాకాలం అక్కడికి వెళ్లబోయేవారికి కొన్ని మాటలు చెప్పాలనుకుంటున్నాను.

అన్నిటికంటే ముందు ఒక విషయం మనసులో పెట్టుకోవాలి. మనం గండిపేట అని పిలిచే ఉస్మాన్‌సాగర్ ఊరి చెరువు కాదు, మూసీ నదికి అడ్డంగా కట్టిన ఆనకట్ట. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచెత్తింది. సుమారు 15,000 మంది చనిపోయారని అంచనా. ఎగువన రెండు వందలకు పైగా చెరువులు వరసగా తెగి, ఆ నీరంతా ఒక్కసారిగా నగరం మీద పడింది. అఫ్జల్‌గంజ్‌లో, ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని ఇప్పటికీ చెప్పుకుంటారు. అలాంటి వరద మళ్లీ రాకుండా ఏం చేయాలో చెప్పమని నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. నగరానికి ఎగువన జలాశయాలు కట్టి వరదను అక్కడే నిలపాలని ఆయన సూచించారు. అలా మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. తాగునీరు ఇవ్వడం ఒక పని అయితే, వరదను ఆపి కొంచెం కొంచెంగా వదలడం వాటి రెండో పని. మనం దుప్పటి పరుచుకుని కూర్చునే రోజుల్లోనే ఆ రెండో పని ముమ్మరంగా సాగుతుంది.

అందుకే నగరంలో ఎండ కాస్తోందని ధైర్యపడకండి. మూసీ పుట్టేది వికారాబాదు దగ్గర అనంతగిరి కొండల్లో. అక్కడ, శంకరపల్లి వైపు రాత్రంతా వాన కురిస్తే ఆ నీరు గండిపేటకు చేరడానికి గంటలు పడుతుంది. ఈలోగా నగరంలో ఆకాశం తేటపడి, జనం షికారుకు బయలుదేరతారు. ఒకసారి కట్ట దగ్గర కంకులు కాల్చే పెద్దాయన మమ్మల్ని చూసి, "రాత్రి వికారాబాదులో గట్టి వాన పడిందట బాబూ, ఇవాళ పిల్లల్ని నీళ్ల దగ్గరికి తీసుకుపోకండి" అన్నాడు. అప్పటికి నీరు నిశ్చలంగానే ఉంది. మధ్యాహ్నం రెండు దాటేసరికి, పొద్దున మేము నిలబడిన రాళ్లు కనిపించలేదు.

పూర్తిస్థాయి నీటిమట్టం, సముద్రమట్టం నుంచి లెక్కిస్తే, ఉస్మాన్‌సాగర్‌కు 1,790 అడుగులు, హిమాయత్‌సాగర్‌కు 1,763.5 అడుగులు. వానాకాలంలో రోజూ మట్టం ఎంత, వచ్చే నీరెంత, గేట్లు ఎత్తారా లేదా అన్న వివరాలు నగరానికి నీళ్లిచ్చే జలమండలి చెబుతుంది, పత్రికల్లోనూ వస్తాయి. మట్టం ఆ అంకెకు ఒకటి రెండు అడుగుల దగ్గరికి వచ్చి, ఎగువన వాన ఉంటే ఆ రోజు ప్రయాణం మానుకోండి. వెయ్యి క్యూసెక్కులు వదిలారని చదివితే చిన్న సంఖ్యలా అనిపిస్తుంది. ఒక క్యూసెక్కు అంటే సెకనుకు 28 లీటర్లకు పైమాటే. ఆ లెక్కన వెయ్యి క్యూసెక్కులంటే ప్రతి సెకనుకూ పదివేల లీటర్ల ట్యాంకర్లు రెండు మూడు మీద పడుతున్నట్టు.

గేట్లు ఎత్తినప్పుడు చూడముచ్చటగా ఉంటుంది, కాదనను. చూడాలంటే పోలీసులు నిలబెట్టిన చోటి నుంచే చూడండి. గేట్ల దిగువన నది గర్భంలోకి మాత్రం దిగవద్దు. అక్కడ బండల మీద కూర్చుని ఫోటోలు తీసుకుంటుండగా మరో గేటు ఎత్తితే, లేచి చెప్పులు వేసుకునేంత వ్యవధి కూడా ఉండదు. సైరన్ వినిపించిందంటే సామాను వదిలేసి గట్టు ఎక్కాలి. తిరుగు ప్రయాణంలో నార్సింగి, మంచిరేవుల వైపు, హిమాయత్‌సాగర్ దగ్గర అవుటర్ సర్వీసు రోడ్డు మీదికి నీళ్లొస్తాయి. పారే నీరు మోకాలి లోతున్నా మనిషిని పడేస్తుంది, రెండడుగులుంటే కారు తేలిపోతుంది. ముందు బండి దాటింది కదా అని మీరూ దిగవద్దు, చుట్టు తిరిగి వెళ్లండి.

ఇప్పుడు నీటి అంచు సంగతి. నన్ను ఎక్కువగా భయపెట్టేది ఇదే. వేసవిలో నీరు వెనక్కి తగ్గినప్పుడు జలాశయం అడుగు బయటపడి, పైన ఎండి, పెంకుల్లా పగుళ్లు తీస్తుంది. మా అక్క కొడుకు తొమ్మిదేళ్ల వాడు బంతి కోసం దాని మీద పరుగెత్తాడు. నాలుగడుగులు బాగానే వేశాడు, అయిదో అడుగుకు పైపెంకు విరిగి కాలు మోకాలి దాకా కూరుకుపోయింది. నల్లటి ఒండ్రు, జిగురుగా, చల్లగా. లాగేకొద్దీ కాలిని ఇంకా పట్టుకుంటోంది. మా బావగారు బోర్లా పడుకుని, చెయ్యి చాచి వాణ్ని పక్కకు వాల్చి మెల్లగా లాగారు. చెప్పు అక్కడే ఉండిపోయింది. జూలైలో అదే చోటు మీదికి అడుగున్నర నీరు వస్తుంది. పైనుంచి చూస్తే పిల్లలు ఆడుకోవడానికి కొలిచి పెట్టినట్టుంటుంది. కింద బురద, మట్టి తవ్వుకుపోయిన గుంతలు, గుర్రపుడెక్క వేర్లు. ఈత వచ్చినా బురదలో కాలు ఇరుక్కుంటే ఆ ఈత ఎందుకూ పనికిరాదు. పైగా అది తాగునీటి జలాశయం, అందులో దిగడమే నిషేధం. రాతిమెట్లకు, కట్ట రాళ్లకు పట్టిన పాకుడు తడిసినప్పుడు కంటికి ఆనదు, కాబట్టి నీటికి పది అడుగుల ఇవతలే ఆగండి. ఇంటినుంచి బయలుదేరే ముందే, పిల్లల్ని ఎవరు కనిపెట్టుకుని ఉండాలో పేరు పెట్టి అప్పగించండి. అందరూ చూస్తున్నారనుకుంటే ఎవరూ చూడరు. ఆ పని తీసుకున్నవారు ఫోను జేబులోంచి తీయకూడదు. మందు తాగినవారికి ఆ పని అసలే అప్పగించవద్దు.

మునిగిపోయేవారు కేకలు వేస్తారనుకోవడం పొరపాటు. నోట్లోకి నీరు పోతుంటే గొంతు లేవదు. తల వెనక్కి వాలి, చేతులతో నీటిని కిందికి నొక్కుతూ మౌనంగా మునుగుతారు. అది చూసి వెంటనే దూకవద్దు. ఒకరి కోసం ఒకరు దిగి ఇంట్లో ముగ్గురు పోయిన వార్తలు మనం ఎన్నిసార్లు చదవలేదు? గట్టు మీద పడుకుని చీర, చున్నీ, కర్ర అందించండి. మూత బిగించిన ఖాళీ క్యానుకు తాడు కట్టి విసరండి. మా కారులో అయిదు లీటర్ల క్యాను, నలభై అడుగుల నైలాన్ తాడు ఎప్పుడూ ఉంటాయి. ఈలోగా మరొకరు 112కు ఫోను చేయాలి.

బయటికి తీసినవారికి ఊపిరి ఆడకపోతే పొట్ట నొక్కడం, తలకిందులుగా వేలాడదీయడం చేయకండి, విలువైన నిమిషాలు పోతాయి. వెల్లకిలా పడుకోబెట్టి, తల కాస్త వెనక్కి వంచి, ముక్కు మూసి ముందు నోటితో ఊపిరి ఊదాలి. తర్వాత ఛాతీ మధ్యలో 30 నొక్కులు, 2 ఊపిరులు, అంబులెన్సు వచ్చేదాకా. తేరుకుని లేచి కూర్చున్నా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. ఊపిరితిత్తుల్లోకి పోయిన నీరు కొన్ని గంటల తర్వాత కూడా ఇబ్బంది పెడుతుంది.

పిడుగుల సంగతి కూడా చెప్పాలి. మెరుపుకు, ఉరుముకు మధ్య 30 సెకన్ల కంటే తక్కువ ఉంటే కారులో కూర్చుని అద్దాలు మూసుకోండి. చెట్ల కిందికి పోవద్దు. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా దిగకండి.

వినాయక చవితి వెళ్లిపోయింది, ఇక వానలు తగ్గినట్టేనని చాలామంది అనుకుంటారు. 1908 వరద సెప్టెంబరు చివరిలోనే వచ్చింది. 2020లో హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తింది అక్టోబరులో. 2025 సెప్టెంబరు చివరి వారంలో జంట జలాశయాల నీరు దిగువకు వదిలినప్పుడు మూసీ పొంగి మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి వచ్చింది. దసరాకు ఊళ్లకు బయలుదేరిన ప్రయాణికులు సంచులు నెత్తిన పెట్టుకుని నీళ్లలో చిక్కుకుపోయారు. కాబట్టి తాడూ క్యానూ దసరా సెలవులు దాటేదాకా కారులోనే ఉంచండి.