చెన్నై జలాశయాల నీటి లెక్కను చదవడం ఎలా

చెన్నై మెట్రో వాటర్ ప్రతిరోజూ వెల్లడించే జలాశయాల పట్టికలో చాలామంది ఎంత శాతం నిండిందన్న ఒక్క అంకె చూసి ఊరుకుంటారు. వేసవిలో ఇంటికి నీళ్లు అందుతాయో లేదో తేల్చుకోవడానికి ఆ అంకె సరిపోదు.

ముందుగా నిల్వ చూడాలి. పూండి 3,231, చోళవరం 1,081, పుళల్ అనే రెడ్‌హిల్స్ 3,300, చెంబరంబాక్కం 3,645, తేర్వాయి కండిగై 500 చొప్పున ఈ ఐదింటి పూర్తి సామర్థ్యం 11,757 మిలియన్ ఘనపుటడుగులు, అంటే 12 టీఎంసీలకు కాస్త తక్కువ (వెయ్యి మిలియన్ ఘనపుటడుగులు ఒక టీఎంసీ). ఒక టీఎంసీ సుమారు 2,830 కోట్ల లీటర్లు కాబట్టి, నగరానికి రోజుకు 100 కోట్ల లీటర్లు కావాలనుకుంటే అది 28 రోజులకు వస్తుంది. ఉదాహరణకు జనవరి 1న ఐదింటిలో కలిపి 6 టీఎంసీలు ఉన్నాయనుకుందాం. కాగితం మీద అవి జూన్ మధ్య దాకా రావాలి. అయితే ఈ చెరువులు లోతు తక్కువ, వైశాల్యం ఎక్కువ కావడంతో ఏప్రిల్, మే నెలల ఎండకు ఆవిరయ్యే నీరు తక్కువేమీ కాదు, అడుగున మిగిలేదంతా తోడడానికీ వీలుపడదు. అందుచేత నేనైతే ఆ గడువులో కనీసం మూడు వారాలు తగ్గించే లెక్కిస్తాను. వీరాణం చెరువు నుంచి వచ్చే నీరు, మీంజూరు, నెమ్మేలిలలో శుద్ధి చేసే సముద్రజలం ఆ లోటును కొంత పూడుస్తాయి.

నిల్వతో పాటు తేదీ చూడాలి. చెన్నైకి ప్రధాన వర్షాధారం అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఉండే ఈశాన్య రుతుపవనమే గనుక, నవంబరులో సగం నిండిన చెరువు ఆశ కలిగిస్తే, మార్చిలో అదే మట్టం జాగ్రత్త చెబుతుంది. 2019 జూన్ నాటికి ఈ చెరువులు దాదాపు ఎండిపోయిన సంగతి ఇక్కడివారు మరిచిపోలేదు.

తరువాత పూండి ఇన్‌ఫ్లో. కండలేరు నుంచి తెలుగుగంగ కాలువలో వచ్చే కృష్ణా జలాలు ఊత్తుకోట వద్ద సరిహద్దు దాటి పూండికి చేరతాయి. 1983 ఒప్పందం ప్రకారం ఏడాదికి 12 టీఎంసీలు అందాలి. అంటే ఐదు చెరువులు నిండినంత నీరు, అందితే. రోజంతా 1,000 క్యూసెక్కులు (సెకనుకు 1,000 ఘనపుటడుగులు) పారితే సుమారు 86 మిలియన్ ఘనపుటడుగులు చేరతాయి, అంటే నగరానికి దాదాపు రెండున్నర రోజుల నీరు. ఈ గుణకారం తెలిస్తే కాలువ వార్తల్లో సంబరమెంతో, సరుకెంతో తెలిసిపోతుంది.

లెక్క మే నెలకే తెగుతున్నట్టు కనిపిస్తే, ఫిబ్రవరిలోనే సంపు కడిగించి, బోరు మోటారు చూపించుకోవడం మంచిది; ట్యాంకర్లకు గిరాకీ పెరిగాక ఏ పనీ తొందరగా కాదు.

అడయారు ఒడ్డున సైదాపేట, కోట్టూర్‌పురం వైపు ఉండేవారు మాత్రం నవంబరు, డిసెంబరుల్లో చెంబరంబాక్కం వరుసను వేరేగా చదవాలి, అక్కడ వదిలే నీరు అడయారులోకే వస్తుంది. దాని పూర్తి మట్టం 24 అడుగులు. మట్టం 22 దాటి, ఇన్‌ఫ్లో తగ్గకపోతే ఔట్‌ఫ్లో గడిని పూటపూటకూ చూసుకోవాలి, ఎందుకంటే 2015 డిసెంబరులో ఆ గడిలోని అంకె 29,000 క్యూసెక్కులకు చేరింది.