పాత నమూనా, కొత్త గాజు – 5వ పాఠం: జారిన ఫోకస్‌ను పట్టుకోవడం

పోయిన పాఠంలో రేంజ్‌ఫైండర్ కెమెరాలో ప్యాచ్ (వ్యూఫైండర్ మధ్యలో, రెండు బొమ్మలు ఒకటైతే ఫోకస్ కుదిరినట్టు చెప్పే చిన్న గడి) వైపు చూడకుండా, దూరం అంచనాతో ఫొటో తీయడం నేర్చుకున్నాం. 28 ఎం.ఎం. లెన్స్‌కి అపర్చర్ (వెలుగు వచ్చే రంధ్రం; ఎఫ్ అంకె పెరిగేకొద్దీ చిన్నదవుతుంది) ఎఫ్ 8 పెట్టి, దూరాన్ని 3.3 మీటర్ల మీద వదిలేస్తే 1.6 మీటర్ల నుంచి కనిపించినంత దూరం దాకా అంతా పనికొచ్చేలా వస్తుంది. నల్లగొండ ప్రకాశం బజార్‌లో జనం మధ్య నడుస్తూ తీయడానికి అది చాలు. ఈసారి పని వేరు. అపర్చర్ తెరిచి, మనిషికి ముప్పావు మీటరు దూరంలో కూర్చుని, కంటి మీద ఫోకస్ పెట్టాలి. రీఇష్యూ లెన్స్ (పాత నమూనా మీద మళ్లీ కొత్తగా తయారు చేసింది) కొన్నవాళ్లు మొదట దెబ్బ తినేది ఇక్కడే. నేనూ తిన్నాను.

పోచంపల్లి పక్క ఊళ్లో మా పెద్దమ్మ ఉంటుంది. గుంట మగ్గంలో కూర్చుని నేస్తుంటే పక్క కిటికీలోంచి వెలుగు ముఖం మీద పడుతోంది. నా దగ్గరున్నది 1960ల నాటి నమూనా మీద ఈమధ్య తయారైన 35 ఎం.ఎం. లెన్స్, ఎఫ్ 1.4 దాకా తెరుచుకుంటుంది. ఎఫ్ 2 పెట్టాను. ప్యాచ్‌లో కనురెప్పకి రెండు బొమ్మలూ ఒకటయ్యాయి, నొక్కాను. ఫిల్మ్ కడిగించి చూస్తే కన్ను మెత్తగా ఉంది. చెవి ముందరి తెల్ల వెంట్రుకలు మాత్రం దేనికది లెక్కపెట్టుకునేలా ఉన్నాయి.

బాడీలో రేంజ్‌ఫైండర్ తప్పిందేమోనని మొదట టెన్షన్ పడ్డాను. పరీక్ష చేద్దామని పెద్దమ్మ దగ్గరే ఒక ఇక్కత్ చీర తీసుకుని మంచం మీద పరిచాను. చుక్కలూ గళ్లూ ఉన్నాయి కదా, ఏ గడి షార్ప్‌గా వచ్చిందో తేలుతుందనుకున్నాను. రోల్ సగం అయిపోయింది. తరువాత స్కాన్‌లు చూస్తే ఏ గడికీ అంచు సరిగ్గా లేదు. లెన్స్‌ను తిట్టుకుంటూ ఫోన్‌లో పెద్దమ్మకి చూపించాను.

"గా అంచు మసక కాదు బిడ్డా. చిటికి కట్టినకాడ రంగు గట్లనే పాకుతది. గీత గీసినట్టుంటే అది ప్రింటు చీర" అంది.

నూలుకి ముడి వేసి రంగులో ముంచితే ముడి అంచు కింద రంగు కొంచెం పాకుతుంది. ఆ నూలును మగ్గం మీద ఎంత జాగ్రత్తగా సర్దినా పోగుకీ పోగుకీ వెంట్రుకవాసి తేడా వస్తుంది. గడి అంచు ఈకలా విడిపోయేది అందుకే. తెలిసినవాళ్లు చీర తిరగేసి వెతికేది కూడా ఆ ఈక అంచునే. కాబట్టి లెన్స్ పరీక్షకి ఇక్కత్ చీర వాడకండి. మసక చీరదో లెన్స్‌దో తేల్చలేరు.

ఇక అసలు సంగతి. రేంజ్‌ఫైండర్ కెమెరాలో మనం లెన్స్‌లోంచి చూడం. లెన్స్ రింగు తిప్పితే దాని వెనకున్న క్యామ్ కదులుతుంది, అది బాడీలోని చిన్న రోలర్‌ను నెడుతుంది, ఆ కదలికకి ప్యాచ్‌లోని బొమ్మ పక్కకి జరుగుతుంది. రింగు ఎంత తిరిగిందన్నదే దానికి తెలుసు. అపర్చర్ ఎంత తెరిచామో దానికి అక్కర్లేదు.

కానీ పాత నమూనా లెన్స్‌లో అపర్చర్‌ను బట్టి ఫోకస్ చోటు మారుతుంది. గాజు అంచుల గుండా వచ్చే కిరణాలు లెన్స్‌కి కాస్త దగ్గరగా కలుస్తాయి, నడిమధ్య నుంచి వచ్చేవి ఇంకొంచెం అవతల కలుస్తాయి. దీన్నే స్ఫెరికల్ అబెరేషన్ అంటారు. పూర్తిగా తెరిచినప్పుడు రెండు రకాలూ కలిసి బొమ్మ కడతాయి. అపర్చర్ మూసేకొద్దీ అంచు కిరణాలు ఆగిపోతాయి, ఫోకస్ పెట్టిన చోటు నుంచి మనిషి వెనక్కి జారుతుంది. దీని పేరు ఫోకస్ షిఫ్ట్. ఇంకా మూసి ఎఫ్ 5.6, ఎఫ్ 8 దాకా వస్తే షార్ప్‌గా ఉండే మందమే పెరిగి జారుడును కప్పేస్తుంది. చిక్కంతా మధ్యలోని ఎఫ్ 2, ఎఫ్ 2.8 దగ్గర, అదీ దగ్గరి నుంచి తీసినప్పుడు.

మరి ఈ లోపం తెలిసీ కంపెనీలు మళ్లీ ఎందుకు చేస్తున్నాయి? లైకా 2017లో 1935 నాటి థాంబార్‌ను తిరిగి తెచ్చింది. 2021లో 1966 నాటి నాక్టిలక్స్ ఎఫ్ 1.2 వచ్చింది. 2022లో 1961 నాటి 35 ఎం.ఎం. సుమ్మిలక్స్ వచ్చింది. షార్ప్‌నెస్ ఒక్కటే కావాలంటే అదే కంపెనీ కొత్త లెన్స్‌లు పక్కనే ఉన్నాయి. వీటిని కొనేవాళ్లకి కావలసింది పూర్తిగా తెరిచినప్పుడు తెల్లటి వస్తువుల చుట్టూ కమ్మే పలచని వెలుగు పొర. ఆ పొర వచ్చేది ఇందాకటి అంచు కిరణాల వల్లే. వాటిని పూర్తిగా దిద్దితే ఫోకస్ జారదు, పొరా రాదు. థాంబార్‌తో అయితే మధ్యలో నల్లటి బిళ్ల ఉన్న ఫిల్టర్ ఇస్తారు. మధ్య కిరణాల్ని ఆపేసి అంచు కిరణాలకే పని అప్పజెప్పడం దాని ఉద్దేశం. లోపాన్ని కావాలని పెంచుకోవడమన్నమాట.

జైస్ సీ సోనార్ 50 ఎం.ఎం. ఎఫ్ 1.5 కూడా ఈ కోవలోదే, 1930లలో లుడ్విగ్ బెర్టెలె వేసిన నమూనా దారిలో వచ్చింది. దానికి ఫోకస్ షిఫ్ట్ ఉంటుందని జైసే చెప్పింది.

నిజంగా పాతదే కొనొచ్చు కదా అని అడుగుతారు. మంచిది దొరికితే కొనండి. కాకపోతే మన వైపు మే నెల ఎండకి పాత గ్రీజు పలచబడి అపర్చర్ రేకుల మీదికి పాకుతుంది. లోపలి గాజు మీద మసక పొర పట్టి ఉంటే, మీరు మురిసిపోయే మెత్తదనం నమూనాదా, మురికిదా అన్నది మీకే తెలియదు. రీఇష్యూలో ఆ గొడవ లేదు. నా ఓటు అందుకే దానికి. ధర సంగతి మాత్రం అడక్కండి. లైకావి లక్షల్లో ఉంటాయి. అంత పెట్టలేనివాళ్లు ఫోక్ట్‌లాండర్ నాక్టన్ క్లాసిక్ 35 లాంటివి చూడండి. ఈ పాఠం వాటికీ పనికొస్తుంది.

ఇప్పుడు పరీక్ష. దర్జీ వాడే టేపు ఒకటి తీసుకోండి. వరండా నీడలో బల్ల మీద మీకు ఎదురుగా, మీ నుంచి దూరంగా పోయేలా పొడవునా పరిచి అంటించండి. 50 సెంటీమీటర్ల గీత పక్కన సుద్దముక్క ఒకటి నిలబెట్టండి. దానికి ముప్పావు మీటరు దూరంలో, కొంచెం ఎత్తులో కెమెరాను ట్రైపాడ్ మీద పెట్టి ప్యాచ్‌ను సుద్దముక్క అంచు మీద కలపండి. ఆ తరువాత రింగు ముట్టుకోవద్దు. ఎఫ్ 1.4కి 1/1000, ఎఫ్ 2కి 1/500, ఎఫ్ 2.8కి 1/250, ఎఫ్ 4కి 1/125, ఎఫ్ 5.6కి 1/60 సెకను షట్టర్ స్పీడ్ పెట్టి ఒక్కో ఫొటో తీయండి. అక్కడి వెలుగు వేరైతే లైట్ మీటరు చెప్పిన చోట మొదలుపెట్టి ఇదే వరసలో దిగండి. తీసినవి పెద్దవి చేసి, ఒక్కోదాంట్లో టేపు మీద ఏ అంకె బాగా షార్ప్‌గా ఉందో చూడండి.

నా లెన్స్‌లో ఎఫ్ 1.4కి సుద్దముక్క దగ్గరే ఉంది. ఎఫ్ 2కి దాదాపు రెండు వేళ్ల వెడల్పు వెనక్కి పోయింది. పెద్దమ్మ కంటికీ చెవి ముందరి వెంట్రుకలకీ మధ్య తేడా అదే. పూర్తిగా తెరిచినప్పుడు కూడా ఫోకస్ సుద్దముక్క మీద లేకపోతే అది షిఫ్ట్ ఒక్కటే కాకపోవచ్చు. ఇంకో లెన్స్‌తో అదే పరీక్ష చేయండి. దాంట్లోనూ అదే పక్కకి తప్పితే బాడీని మెకానిక్‌కి చూపించాల్సిందే. డిజిటల్ బాడీలో లైవ్ వ్యూ (లెన్స్‌లోంచి వచ్చే బొమ్మను తెర మీద చూపేది) ఉంటే వాడతారనుకున్న అపర్చర్‌లోనే ఫోకస్ చూసుకోవచ్చు, ఈ పాట్లేవీ ఉండవు. కాకపోతే రేంజ్‌ఫైండర్ కొన్నదెందుకని నాలాంటివాళ్లు దెప్పుతారు.

తీసేటప్పుడు చేయాల్సింది చిన్న పనే. ఫోకస్ వెనక్కి జారుతోంది కాబట్టి, ప్యాచ్ కంటి మీద కలిపాక మీరు కూడా ఆ రెండు వేళ్ల మేర వెనక్కి వాలి నొక్కండి. ముందుకి కాదు. నేను మొదటిసారి ముందుకి వాలి ఇంకో ఆరు ఫ్రేములు పాడు చేశాను. వాలడం చేతకాకపోతే ప్యాచ్‌ను కంటి మీద కాకుండా ముక్కు కొస మీద కలపండి, జారుడు దాన్ని కంటి దాకా తీసుకుపోతుంది. పోయిన వారం పెద్దమ్మని మళ్లీ తీసింది ఇలాగే. "ముక్కు దిక్కు గట్ల చూస్తవేందిరా" అని నవ్వింది. ఆ నవ్వులో ఈసారి కన్ను షార్ప్‌గా వచ్చింది, జుట్టు చుట్టూ కిటికీ వెలుగు పొర నిలిచింది.

ఇంటిపని: మీ లెన్స్ ఒక్కో అపర్చర్‌కి ఎంత జారుతుందో అట్టముక్క మీద రాసి బ్యాగులో పెట్టుకోండి. వచ్చే పాఠం పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో. గర్భగుడిలో పగలంతా నిలిచే ఆ నీడనూ, మండపం స్తంభాల మధ్య నుంచి ఎదురుగా కొట్టే వెలుగునూ ఒకే ఫ్రేములో పట్టే ప్రయత్నం చేద్దాం. హుడ్ (పక్క వెలుగు పడకుండా లెన్స్ ముందు తగిలించే తొడుగు) ఇంట్లోనే వదిలేసి రండి.