మృగశిర కార్తె లోపే మేడ మీది టర్ఫ్ బాగుచేసుకోండి

రోళ్లు పగిలే రోహిణి కార్తె ఎండలు ముగిసి, జూన్ మొదటి వారం దాటగానే మృగశిర వస్తుంది. హైదరాబాద్‌లో మేడ మీదో బాల్కనీలోనో ఆర్టిఫీషియల్ గ్రాస్, అంటే ప్లాస్టిక్ గడ్డి (టర్ఫ్) పరుచుకున్నవాళ్లు అతుకులూ చిరుగులూ చూసుకోవాల్సింది ఈలోపే. మే నెల గాలివానకే సగం లేచిన అంచు పూర్తిగా లేచిపోతుంది. రుతుపవనాలు దిగాక గమ్ము పట్టేంత పొడి రోజు దొరకడం కష్టం. వానలయ్యాక చూద్దాంలే అనుకుంటే అప్పటికి కింది పోర్షన్ సీలింగ్ పెచ్చులూడుతుంటుంది.

అన్నిటికంటే ముందు కరెంటు సంగతి. చాలా ఇళ్లలో మేడ మీద రంగురంగుల లైట్లకూ ఫౌంటెన్ మోటారుకూ వేసిన వైర్లు కనపడకూడదని గడ్డి కిందనుంచి లాగేస్తారు. చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ ఆ వైరుకు మధ్యలో ఎక్కడో టేపు చుట్టిన జాయింటు ఉంటుంది, గడ్డి కింద నీళ్లు నిలిచేదీ అక్కడే. పైన పిల్లలు చెప్పుల్లేకుండా ఆడుకుంటారు. కాబట్టి బ్లేడు పట్టుకునే ముందు మేడకు వెళ్లే లైను మెయిన్ దగ్గరే ఆపేయండి, స్విచ్ ఆపితే చాలదు. గడ్డి కింద ఉన్న వైర్లన్నీ తీయించి పిట్టగోడ వెంట పైపులో వేయించండి. ఆ లైనుకు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) లేకపోతే ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడే పెట్టించండి. చిరిగిన గడ్డి ఇంకో ఏడాది అలాగే ఉన్నా ఫర్వాలేదు గానీ ఈ పని మాత్రం వాయిదా వేయొద్దు.

తర్వాత మూలలు లేపి చూడండి. ఏడాదిగా పేరుకున్న దుమ్ము బురదై, ఎండి, అడుగు పొరకున్న చిన్న చిన్న రంధ్రాలను మూసేసి ఉంటుంది. నీళ్ల గొట్టం జాలి దగ్గర రాలిన గడ్డి పోచలూ, పోచల మధ్య ఇన్‌ఫిల్‌గా వేసిన ఇసుకా ముద్దకట్టి ఉంటాయి. పిట్టగోడ మొదట్లో పగులు ఉంటే అందులో రావి మొక్క వేరు కనిపించినా ఆశ్చర్యం లేదు. జాలి శుభ్రం చేసి, రెండు బకెట్ల నీళ్లు స్లాబు మీద పోసి వాటం ఎటుందో చూడండి. నీళ్లు జాలి వైపు వెళ్లకుండా మధ్యలో మడుగు కట్టాయంటే, మేస్త్రీని పిలిచి వాటం సరిచేయించి వాటర్‌ప్రూఫింగ్ పూర్తి చేయించాకే గడ్డి జోలికి వెళ్లండి. అంచులు లేస్తున్నాయని స్లాబులోకి మేకులు మాత్రం దిగ్గొట్టొద్దు. వాటర్‌ప్రూఫింగ్ పొరకు పడే ప్రతి రంధ్రమూ వాన నీటికి దారే.

ఇక అతుకు పని. ఎండలో టర్ఫ్ 60 డిగ్రీలు దాటి కాలుతుంది, వేడికి కాస్త సాగుతుంది కూడా. మిట్టమధ్యాహ్నం కొలిచి కోసిన ముక్క తెల్లారేసరికి ముడుచుకుని సందు కనిపిస్తుంది. పొద్దున తొమ్మిదిలోపో, సాయంత్రం ఐదు తర్వాతో పెట్టుకోండి. కొత్త రోల్ తెస్తే కొన్ని గంటలపాటు పరిచి వదిలేశాకే కోయండి.

కొత్త ముక్క పాతదాని పక్కన వేస్తే రంగు తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. దానికో ఉపాయం ఉంది. సోఫా కిందో కుండీల వెనకో ఉన్న పాత గడ్డిలోంచి ముక్క తీసి చిరుగు దగ్గర వేయండి, కొత్తది ఆ మూలన పెట్టేయండి. కోసేటప్పుడు ఎప్పుడూ వెనకవైపు నుంచే, రెండు కుట్టు వరసల మధ్యనుంచి కట్టర్ లాగాలి. పైనుంచి కోస్తే పోచలు సగానికి తెగి, అతుకు పొడుగునా గుండు గీసినట్టు గీత పడుతుంది. పోచల వాలు కూడా చూసుకోండి. చేత్తో నిమిరితే ఏ వైపు వాలుతున్నాయో తెలుస్తుంది, రెండు ముక్కలూ అటే వాలాలి. కింద జాయింటింగ్ టేపు పరిచి, గమ్ము పలచగా రాసి, రెండు అంచులూ ఆనించేటప్పుడు పోచలు గమ్ములో చిక్కుకోకుండా పుల్లతో పైకి లాగుతూ పోవాలి. ఓపిక పరీక్షించేది ఇదే, కూలివాళ్లు తొందరపడేదీ ఇక్కడే. పక్కన నిలబడండి. తర్వాత ఇసుక బస్తాలు పెట్టి, డబ్బా మీద రాసినంతసేపు కదపకుండా వదిలేయండి.

సాల్వెంట్ (త్వరగా ఆవిరయ్యే ద్రావకం) ఉన్న గమ్ముకు ఇట్టే మంట అంటుకుంటుంది. సిగరెట్లు, అగరబత్తులు దూరంగా ఉంచండి. మూసేసిన బాల్కనీ అయితే కిటికీలన్నీ తెరవాలి. పిట్టగోడ అంచున పనిచేసేటప్పుడు వీపు బయటివైపు పెట్టి వెనక్కి జరగొద్దు. మిగిలిన ముక్కలు కాల్చొద్దు, ప్లాస్టిక్ పొగ.

కడగడానికి పలచటి సబ్బు నీళ్లు చాలు. టైల్స్ యాసిడ్, బ్లీచింగ్ వద్దు. ఆర్‌ఓ మెషీన్ వదిలే నీళ్లు వృథా పోకూడదని గడ్డి మీద పోస్తుంటారు, మంచి ఆలోచనే గానీ వాటిలో ఉప్పులు బోరు నీళ్లకంటే ఎక్కువ. ఎండాక పోచల మీద తెల్లపూత మిగులుతుంది.

వైజాగ్‌లోనో కాకినాడలోనో ఉన్న ఇంటికి కూడా ఇదే పద్ధతి అనుకోవద్దు. అక్కడ ఉప్పుగాలి మామూలు ఇనుప క్లిప్పులను తినేస్తుంది, స్టెయిన్‌లెస్ స్టీలువే వాడాలి. ఉప్పు తేమను పట్టి ఉంచుతుంది కాబట్టి అతికించబోయే చోటు మంచినీళ్లతో కడిగి పూర్తిగా ఆరబెట్టాలి, పైకి పొడిగా కనిపించినా అడుగు పొర తడిగానే ఉండొచ్చు. తెల్లవారి మంచు ఆరాకే గమ్ము డబ్బా తెరవండి. పైగా అక్కడ తుపాన్ల భయం అక్టోబరు, నవంబరుల్లో ఎక్కువ, హుద్‌హుద్ వైజాగ్‌ను తాకింది 2014 అక్టోబరు 12న. అందుకని అక్కడి అంచులను సెప్టెంబరు చివర్లో మరోసారి చూసుకోవాలి. ఊడిన టర్ఫ్ చాప గాలికి లేచి కరెంటు తీగల మీద పడిందంటే మొత్తం వీధికే టెన్షన్.

ఇంత చూసుకున్నా పని మధ్యలో మబ్బు పట్టొచ్చు. గమ్ము రాయని చోటును అలాగే వదిలేసి, రాసిన చోట ప్లాస్టిక్ షీటు కప్పి చుట్టూ ఇటుకలు పెట్టండి. మర్నాడు ఒక మూల లేపి చూడండి. పాలీయురేథేన్ గమ్ము తడి తగిలితే నురగలా పొంగుతుంది. అలా బుడగలు కట్టి ఉంటే దానిమీదే మళ్లీ రాయొద్దు, మొత్తం గీకేసి కొత్త టేపుతో మొదలుపెట్టాలి.