గమనిక నుంచి నమూనాకు: ఇంటి పనులలో దొరికే ఊహలు – మూడవ పాఠం

ముందుకు వెళ్లే ముందు మొదటి రెండు పాఠాలలో చేసిన పనిని ఒకసారి గుర్తు చేసుకుందాం. ఇంట్లో ఏదో ఒక చోటును, కిటికీ పక్క గోడనో బట్టల అరనో ఎంచుకుని, రోజూ ఒకే వేళకు దాన్ని చూసి, కనిపించినదాన్ని నోటుపుస్తకంలో రెండు మూడు పంక్తులలో రాయడం మొదటి పాఠం. ఆ పంక్తులలో దొర్లిన "బాగుంది", "ముచ్చటగా ఉంది" వంటి మాటలను కొట్టివేసి, వాటి స్థానంలో కొలత, రంగు, దిశ, సంఖ్య ఉండేలా తిరగరాయడం రెండవ పాఠం. ఆ తిరగరాసిన పుటలు చేతిలో ఉంటే తప్ప ఈ పాఠం సాగదు కనుక, లేనివారు ముందుగా వాటిని పూర్తి చేసుకోవడం మేలు. ఈ పాఠంలో ఆ పుటలలోని ఒక గమనికను తీసుకుని, దాన్ని అరచేతిలో ఇమిడేంత కుట్టు నమూనాగా మారుస్తాం; తరువాత ఆ నమూనా గురించి ఇతరులకు ఉపయోగపడేలా ఒక పేరా రాస్తాం.

మొదటి ప్రశ్న ఎంపిక గురించి. చాలామంది తమ పుటలలో అన్నిటికన్నా అందమైనదిగా తోచిన గమనికను ఎంచుకుంటారు. నా సలహా వేరు: ఏ గమనిక దగ్గర మీరు ఎక్కువ పంక్తులు రాశారో దాన్ని ఎంచుకోండి, అది విసుగుతో రాసినదైనా సరే. విసుగు కలిగించే వస్తువును మనం పదేపదే చూస్తాం. కాబట్టి దాని వివరాలు మనకు తెలియకుండానే ఎక్కువ తెలిసి ఉంటాయి. ఇంగ్లండుకు చెందిన ప్రసిద్ధ వస్త్ర రూపకర్త విలియం మారిస్ తన కెల్మ్‌స్కాట్ ఇంటి తోటలో పండ్లను ఎత్తుకుపోయే పక్షులను చూసి, 1883లో ఆ దొంగలనే అచ్చు వస్త్రం మీదికి ఎక్కించాడు. నోట పండు కరచుకున్న ఆ పక్షుల వస్త్రం ఆయన రూపకల్పనలలో నేటికీ అన్నిటికన్నా ఎక్కువమందికి తెలిసిన వాటిలో ఒకటి. తోట పాడవుతోందని తిట్టుకుని ఊరుకోవలసిన సంగతి అక్కడ నమూనా అయింది. మీ పుటలలో కూడా ఎంత సర్దినా చెదిరిపోయే అర గురించో, ఎంత తుడిచినా మరకలు మిగిలే అద్దం గురించో రాసి ఉంటే, దాన్ని దాటవేయకండి.

పాఠమంతటికీ ఒకే ఉదాహరణ తీసుకుందాం: మడతపెట్టి అరలో పేర్చిన బట్టల దొంతర. దీన్ని ఎంచుకోవడానికి కారణం, అది ప్రతి ఇంట్లోనూ ఉంటుంది, రోజూ మారుతుంది, దాన్ని ఎవరూ నిలబడి చూడరు. దొంతరకు ఎదురుగా, కళ్లు దాని ఎత్తుకు వచ్చేలా కూర్చోండి. పైనుంచి చూస్తే బట్టలు కనిపిస్తాయి. ఎదురుగా చూస్తే అడ్డగీతలు కనిపిస్తాయి. మందపాటి దుప్పటి మడత గుండ్రంగా, లావుగా ముందుకు పొంగి ఉంటుంది. పలుచని చొక్కా మడత కాగితపు అంచులా సన్నగా ఉంటుంది. ప్రతి రెండు మడతల మధ్యా ఒక నీడ గీత ఉంటుంది, ఆ నీడ అన్నిచోట్లా ఒకే మందంలో ఉండదు. దుప్పటి కింద వెడల్పుగా, చొక్కాల మధ్య వెంట్రుకవాసిగా ఉంటుంది. మడతల గీతలు నేరుగా కూడా ఉండవు, పై బరువుకు మధ్యలో కాస్త కుంగి, రెండు చివరలా కొద్దిగా పైకి లేస్తాయి. ఇంతవరకు చూసినవాటిని గమనికగా రాసి ఉంటే, నమూనాకు కావలసిన సామగ్రి సగం చేతికి వచ్చినట్లే.

ఇప్పుడు చూపును కుదించాలి. దళసరి కాగితం మధ్యలో 3 సెంటీమీటర్ల వెడల్పు, 4 సెంటీమీటర్ల పొడవు గల కిటికీని కత్తిరించండి. ఒక కన్ను మూసి, దాన్ని కంటికి దగ్గరగా పట్టుకుంటే దొంతర మొత్తం ఇముడుతుంది. చేయి చాచి దూరంగా పట్టుకుంటే నాలుగైదు మడతలే మిగులుతాయి. రెండవదే మనకు కావాలి. అన్నీ ఇమిడే చూపులో వస్తువు పేరు తప్ప మరేదీ మిగలదు. కొద్దిభాగమే మిగిలిన చూపులో గీతలు, మందాలు, వాటి మధ్య ఖాళీలు బయటపడతాయి. కాగితపు కిటికీలో కనిపిస్తున్నది బట్టల దొంతర అన్న సంగతి ఒక క్షణం మరిచిపోయేటంత వరకు దాన్ని అటూ ఇటూ జరపండి.

బొమ్మ గీయడం రాదని వెనుకాడేవారికి ఈ పాఠంలో అడ్డంకి లేదు, ఎందుకంటే మనం గీయబోవడం లేదు, గుర్తులు పెట్టుకోబోతున్నాం. రెండు వేళ్ల వెడల్పున్న పొడవాటి కాగితపు పట్టీని దొంతర పక్కన నిలువుగా ఆనించి, ప్రతి మడత పై అంచు దగ్గరా, కింది అంచు దగ్గరా పెన్సిలుతో చిన్న గీత పెట్టండి. పట్టీని బల్లమీద పరిచి చూస్తే గీతల మధ్య దూరాలు ఎంత అసమానంగా ఉన్నాయో తెలుస్తుంది. ఒకచోట 3 సెంటీమీటర్లు, దాని కింద 6 మిల్లీమీటర్లు, మళ్లీ 9 మిల్లీమీటర్లు. దొంతర ఎత్తు 24 సెంటీమీటర్లు, మీ నమూనా ఎత్తు 8 సెంటీమీటర్లు అనుకుంటే, ప్రతి దూరాన్నీ మూడుతో భాగిస్తే చాలు: 3 సెంటీమీటర్ల దుప్పటి గుడ్డ మీద 1 సెంటీమీటరు అవుతుంది, 6 మిల్లీమీటర్ల చొక్కా 2 మిల్లీమీటర్లు అవుతుంది. ఈ లెక్కను వదిలేసి కంటి అంచనాతో గీతలు వేసుకోవాలని మనసు లాగుతుంది. అలా వేస్తే చేయి తెలియకుండానే అన్ని దూరాలనూ సమం చేసేస్తుంది, చివరకు మిగిలేది ఎక్కడైనా కనిపించే చారల గుడ్డ. మీ అరలోని దొంతరకు మాత్రమే చెందిన విశేషమంతా ఆ అసమానతలోనే ఉంది.

సామగ్రి గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఫ్రేములో బిగించడానికి చాలినంత లేతరంగు నూలుగుడ్డ, కుట్టు ఫ్రేము, పొడవైన కన్నున్న ఎంబ్రాయిడరీ సూది, మూడు రంగుల దారం ఉంటే సరిపోతుంది. పాత దుప్పటి ముక్క కొత్త గుడ్డకన్నా మెత్తగా ఉండి సూదికి బాగా లొంగుతుంది.

దారం గురించి మాత్రం ఒక సంగతి తెలిసి ఉండాలి. సాధారణ ఎంబ్రాయిడరీ నూలు దారంలో ఆరు పోగులు వదులుగా కలిసి ఉంటాయి, వాటిని విడదీసి కావలసినన్ని పోగులతో కుట్టుకోవచ్చు. వేలికొసల నుంచి మోచేతి వరకు, అంటే సుమారు 45 సెంటీమీటర్ల పొడవు కత్తిరించుకోండి; అంతకన్నా పొడవైతే గుడ్డలోంచి పదేపదే లాగడం వల్ల దారం నూగు లేచి, ముడిపడుతుంది. పోగులను రెండేసి మూడేసి కాకుండా ఒక్కొక్కటిగా పైకి లాగండి. ఒకటి లాగుతున్నప్పుడు మిగిలినవి కిందికి కుచ్చులా ముడుచుకుంటాయి, పోగు పూర్తిగా బయటికి రాగానే వాటంతటవే సర్దుకుంటాయి. తరువాత కావలసిన పోగులను పక్కపక్కన పెట్టి సూదికి ఎక్కిస్తే, కుట్టు గుడ్డమీద చదునుగా పరుచుకుంటుంది.

ఇక గమనికను కుట్టులోకి మార్చడమే మిగిలింది. ఇక్కడ అడగవలసినది ఒకే ప్రశ్న: చూసిన ప్రతి లక్షణానికీ దారంతో ఏం చేస్తే సరి? దుప్పటి మందం కావాలంటే మూడు పోగులతో రన్నింగ్ కుట్టు (సూదిని గుడ్డ పైకీ కిందికీ పోనిస్తూ వేసే, చుక్కగీతలా కనిపించే కుట్టు) వరుసలను దగ్గరదగ్గరగా వేయాలి. చొక్కా సన్నదనానికి ఒకే పోగుతో ఒకే వరుస చాలు. నీడ గీతకు రన్నింగ్ కుట్టు పనికిరాదు, అది తెగితెగి కనిపిస్తుంది. నీడ తెగదు కాబట్టి అక్కడ కాడకుట్టు (స్టెమ్ స్టిచ్; ప్రతి కుట్టూ ముందుదాని పక్కనుంచి మొదలై తాడులా తెగకుండా సాగేది) వేయాలి. మధ్యలో కుంగి చివరల లేచే వంపును ముందే పెన్సిలుతో తేలికగా గుర్తు పెట్టుకోవాలి, లేకపోతే ఫ్రేములో బిగిసిన గుడ్డమీద చేయి నేరుగా వెళ్లిపోతుంది. ఇలా ఒక్కో నిర్ణయానికీ మీ పుటలో ఒక వాక్యం ఆధారంగా ఉండాలి. ఆధారం దొరకని చోట కుట్టకుండా ఆగి, మళ్లీ అర దగ్గరికి వెళ్లి చూసి రండి. ఊహ ఆగిపోయిందని మనం అనుకునే చాలా సందర్భాలలో ఆగిపోయేది చూపే.

రంగుల దగ్గర కాస్త నిదానించాలి. నీడ అనగానే నల్లదారం అందుకోవడం అలవాటు. కానీ ఒక రంగు ఎలా కనిపిస్తుందన్నది దాని పక్కనున్న రంగును బట్టి మారుతుంది. దీన్ని వివరంగా పరిశీలించి చెప్పినవాడు మిషెల్ షెవ్రల్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు. ఆయన 1824లో పారిస్‌లోని గోబెలిన్ నేతశాలలో అద్దకాల విభాగానికి అధిపతి అయ్యాడు. అక్కడి నల్ల ఉన్నిదారం నేతలో వెలసినట్లు కనిపిస్తోందన్న ఫిర్యాదు వచ్చింది. ఆయన ఇతరచోట్ల అద్దిన నల్లదారాలతో పోల్చి చూసి, అద్దకంలో లోపం లేదని, పక్కన నేసిన నీలి, ఊదా రంగుల వల్లే ఆ నలుపు బలహీనంగా కనిపిస్తోందని తేల్చాడు; ఆ పరిశీలనలను 1839లో గ్రంథంగా ప్రకటించాడు. ఇది మీరే చేసి చూడగల సంగతి. బూడిదరంగు కాగితం లోంచి రెండు చిన్న ముక్కలు కత్తిరించి, ఒకదాన్ని ఎర్రగుడ్డ మీద, రెండవదాన్ని ఆకుపచ్చ గుడ్డ మీద పెట్టి, పక్కపక్కన చూడండి. ఎరుపు మీది ముక్కలో కొద్దిగా ఆకుపచ్చ ఛాయ, ఆకుపచ్చ మీది ముక్కలో కొద్దిగా ఎర్రని ఛాయ తోస్తాయి. అందుచేత నీడకు దారం ఎంచుకునేటప్పుడు చుట్టను విడిగా చూసి నిర్ణయించకండి. ఆ నీడకు పైనా కిందా రాబోయే రంగుల మధ్య ఒక వరస దారం పరిచి చూసి నిర్ణయించండి. నీలి దుప్పటి కింద నీడకు నలుపుకన్నా ముదురు నీలమే తరచుగా నప్పుతుంది.

రంగులను పగటి వెలుతురులోనే జతచేయాలి. పసుపుపచ్చని కాంతినిచ్చే 2700 కెల్విన్ల దీపం కింద ఒకేలా తోచిన రెండు దారాలు, కిటికీ దగ్గరికి తెచ్చేసరికి వేరువేరుగా కనిపించడం అరుదు కాదు. రాత్రి తప్ప తీరిక దొరకనివారు పగలే దారాలు ఎంచి, నోటుపుస్తకం అంచుకు చిన్న చిన్న ముక్కలు అంటించుకుంటే రాత్రి కుట్టుకోవచ్చు.

ఈ నమూనాకు మూడు హద్దులు పెడుతున్నాను: రెండు రకాల కుట్లు, మూడు రంగులు, ఒక గంట సమయం. గంట అయ్యాక ఎక్కడున్నా ఆపేయండి. హద్దు లేని పనిలో మనసు ఎంపికల మధ్య తిరుగుతూ ఉంటుంది. హద్దు ఉన్న పనిలో ఉన్న మూడు రంగులతోనే ఏదో ఒక దారి వెతకక తప్పదు, ఆ వెతుకులాటలోనే మీదైన పద్ధతి కనిపిస్తుంది. ఈ గంటసేపూ ఇతరుల పనుల చిత్రాలు చూడవద్దని కూడా కోరుతున్నాను. అవి చెడ్డవని కాదు, పూర్తయిన పని చూడగానే మన కన్ను దాని కొలతలను అరువు తెచ్చుకుంటుంది, మన పట్టీమీది గీతలు పరాయివైపోతాయి. నమూనా పూర్తయ్యాక ఎన్నయినా చూడవచ్చు. అప్పుడు వాటినుంచి నేర్చుకునేది కూడా ఎక్కువగా ఉంటుంది. పని ముగిసిన వెంటనే గుడ్డను ఫ్రేములోంచి తీసివేయాలి, లేకపోతే ఫ్రేము అంచు ముడత గుడ్డమీద నిలిచిపోతుంది.

చివరి మెట్టు రాత. నమూనా పూర్తయిన రోజే రాయాలి, మరుసటి రోజుకు కారణాలు మరుగునపడి ఫలితం ఒక్కటే గుర్తుంటుంది. నూట యాభై పదాలు దాటవద్దు. మొదటి వాక్యంలో మీ ఆనందం గురించి కాకుండా మీరు చూసిన వస్తువు గురించి రాయండి. "ఈ రోజు నాకొక చక్కని ఆలోచన వచ్చింది" అని మొదలుపెడితే చదివేవారికి చూడటానికి ఏమీ ఉండదు. "దుప్పటి కింద నీడ, చొక్కాల మధ్య నీడకన్నా మూడింతలు వెడల్పుగా ఉంది" అని మొదలుపెడితే చదివేవారు లేచి తమ అర తలుపు తీస్తారు. తరువాత ఎన్ని పోగులు, ఏ కుట్టు, ఎందుకు అన్నది చెప్పండి. ఫోటో తీసేటప్పుడు గదిలోని దీపం ఆర్పి, కిటికీ వెలుతురు ఒక పక్కనుంచి పడేలా నమూనాను ఉంచండి. దారం ఎత్తుపల్లాలు కనిపించేది పక్కవెలుతురులోనే. రెండవ పక్కన తెల్లకాగితం నిలబెడితే నీడలు మరీ ముదరవు.

ఈ వారపు అభ్యాసం: మీ పుటలలోంచి ఒక గమనిక ఎంచుకుని, కాగితపు కిటికీతో కుదించి, పట్టీమీద కొలిచి, పైన చెప్పిన హద్దులలో ఒక నమూనా కుట్టి, దాని గురించి పేరా రాయండి. ఆ తరువాత అదే అరను వేరే వేళలో, ఉదయం చూసినవారు సాయంత్రం, మళ్లీ చూసి, నీడల వెడల్పు ఎక్కడెక్కడ మారిందో అదే పట్టీ వెనుకవైపు గుర్తు పెట్టుకోండి. పట్టీని, మిగిలిన దారాన్ని, పేరాను నమూనాతోపాటు ఒకే కవరులో దాచి ఉంచండి. నాలుగవ పాఠంలో ఆ రెండవ కొలతలతో, అదే మూడు రంగులతో, రెండవ నమూనా కుడతాం.