ఖాళీ లారీ కూడా లారీయే: కారు లైసెన్సు ఉన్నవారికి కోతల కాలపు జాగ్రత్తలు

డ్రైవరు రాలేదన్న కారణంగా ఒక మిల్లు యజమాని బంధువు ఖాళీ లారీని డీజిల్ బంకు దాకా తీసుకెళ్లబోయి, దారిలో మోటారు సైకిలును ఢీకొట్టిన సంఘటన ఈ మధ్య మా ప్రాంతంలో జరిగింది. ఆయన దగ్గర లైసెన్సు ఉంది, కానీ అది కారుది. కర్నూలు ఉల్లి, ఆదోని పత్తి, అనంతపురం వేరుశనగ దాదాపు ఒకేసారి కదిలే ఈ నెలల్లో డ్రైవర్లకు కరువు వస్తుంది. అప్పుడు ఇంట్లో కారు నడపడం వచ్చినవారి చేతికి లారీ తాళాలు అందుతాయి. సీటు బెల్టు గురించీ మద్యం గురించీ అందరికీ తెలుసు కాబట్టి వాటి జోలికి పోకుండా, కుటుంబాలను అప్పుల పాలు చేయగా నేను చూసిన ఒక్క పొరపాటు మీదనే నిలబడతాను. “ఖాళీ బండే కదా” అనుకోవడమే ఆ పొరపాటు.

బరువు లెక్క

1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం తేలికపాటి వాహనానికి, అంటే లైసెన్సు మీద ఎల్ఎంవీ అని ఉండే తరగతికి, హద్దు 7,500 కిలోలు. కారు, ట్రాక్టరు, రోడ్డు రోలరు విషయంలో చూడవలసింది ఖాళీ బరువు. సరుకు రవాణా వాహనం, బస్సు విషయంలో మాత్రం చూడవలసింది గ్రాస్ వెహికల్ వెయిట్, అంటే పూర్తి లోడుతో ఆ బండికి అనుమతించిన మొత్తం బరువు. కాబట్టి ఆర్‌సీలో మొత్తం బరువు 12,000 కిలోలని ఉన్న లారీ, ఖాళీగా కాటా ఎక్కినప్పుడు 5,000 కిలోలే తూగినా, ఎల్ఎంవీ లైసెన్సుకు అందదు. బండిలో ఆ రోజు ఏముందన్నది లెక్కలోకి రాదు. ఆర్‌సీలో ఏముందన్నదే లెక్క.

సుప్రీంకోర్టు తీర్పు

7,500 కిలోల లోపు రవాణా వాహనాలకు ఎల్ఎంవీ లైసెన్సు చాలునని, వేరే అనుమతి అవసరం లేదని ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2024 నవంబరు 6న తేల్చింది. టాటా ఏస్, బొలెరో పికప్ వంటి బండ్లు నడిపేవారికి ఇది నిజంగా మేలు చేసిన తీర్పు. అయితే టీ కొట్ల దగ్గర అది “కారు లైసెన్సుతో లారీ కూడా నడపవచ్చట” అన్న మాటగా మారిపోయింది. హద్దు మారలేదు. ఇంధనం, గ్యాస్ వంటి ప్రమాదకర సరుకు మోసే బండి చిన్నదైనా దానికి ప్రత్యేక అనుమతి ఉండి తీరాలి.

నష్టం ఎవరిది

సరైన లైసెన్సు లేనివారు నడుపుతుండగా ప్రమాదం జరిగితే, బీమా సంస్థ బాధితులకు పరిహారం చెల్లించినా ఆ సొమ్మును యజమాని నుంచి రాబట్టుకునేలా ఆదేశాలు రావచ్చు. నడిపినవారికీ, తాళాలిచ్చిన యజమానికీ మూడు నెలల వరకు జైలు గాని, 5,000 రూపాయల జరిమానా గాని, రెండూ గాని చట్టంలో ఉన్నాయి. జరిమానా చిన్నదే, పొలం అమ్మించేది పరిహారం.

ఇక మిగిలినవి వరసగా చెబుతాను.

తాళాలు తీసుకునే ముందు ఆర్‌సీ చూడండి. టైర్లు లెక్కపెట్టి తరగతి నిర్ణయించవద్దు. ఖాళీ బండే కదా అని ఎవరైనా అంటే తాళాలు తిరిగి వారి చేతిలోనే పెట్టండి. ఇరవై ఏళ్లు నిండనివారికి రవాణా వాహనం ఇవ్వవద్దు, ఎల్ఎంవీ లైసెన్సు ఉన్నా సరే. ట్రాక్టరు ట్రాలీలో కూలీలను ఎక్కించవద్దు. చిన్న బండే కదా అని ఎక్కువ లోడు వేయవద్దు: 20,000 రూపాయలతో పాటు అదనపు టన్నుకు 2,000 చొప్పున కట్టాలి, సరుకూ దించాలి. గువ్వలచెరువు ఘాట్‌లో కారు అలవాటుతో లారీని అసలే దించవద్దు. ఎయిర్ బ్రేకును మాటిమాటికీ తొక్కితే గాలి తగ్గిపోతుంది, ఖాళీ లారీ వెనుక చక్రాలు త్వరగా పట్టు తప్పుతాయి. బంకు దాకానే అనవద్దు, మిల్లు గేటు దాటితే రోడ్డే. ఏటా ఈ అవసరం వచ్చే ఇంట్లో ఒకరు హెవీ లైసెన్సు తీసుకోవాలి. ఎల్ఎంవీ లైసెన్సు వచ్చి ఏడాది నిండితే దానికి ఎల్ఎల్ఆర్ పెట్టుకోవచ్చు. ఆ లైసెన్సు వచ్చేదాకా, డ్రైవరు రాని రోజు లారీని కదిలించవద్దు.