మీ సైట్‌నే మాస్టొడాన్‌లో ఫాలో అయ్యేలా చేయండి

నా రాతలు నా సర్వర్‌లోనే ఉండాలి, చదివేవాళ్లకు మాత్రం వాళ్లున్న చోటే, అంటే మాస్టొడాన్ లాంటి సోషల్ నెట్‌వర్క్‌లోనే అందాలి. ఈ పట్టుదల నాకు గట్టిగానే ఉంది. దానికి దారి యాక్టివిటీపబ్. వేర్వేరు సర్వర్లు ఒకదానికొకటి పోస్టులు, జవాబులు పంపుకోవడానికి వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ 2018లో ఆమోదించిన ప్రమాణం ఇది.

వర్డ్‌ప్రెస్‌తో సైట్ నడిపేవాళ్లకు ఇదే పేరుతో ప్లగిన్ ఉంది. సైట్ హెచ్‌టీటీపీఎస్ మీద నడవాలి, పర్మాలింకుల (వ్యాసాల శాశ్వత చిరునామాల) సెట్టింగ్ ‘ప్లెయిన్’లో ఉండకూడదు. మొదటి ఫాలోవర్ రాకముందే హ్యాండిల్, అంటే మిమ్మల్ని వెతికి ఫాలో అయ్యే పేరు, ఖాయం చేసుకోండి. తర్వాత మారిస్తే ఉన్నవాళ్లు చేజారతారు.

ఇక మాస్టొడాన్ సెర్చ్‌లో ఆ హ్యాండిల్ డొమైన్‌తో సహా కొట్టండి. ప్రొఫైల్ రాలేదంటే ముందు వెబ్‌ఫింగర్‌నే, అంటే హ్యాండిల్‌ను బట్టి ప్రొఫైల్ ఎక్కడుందో చెప్పే ఏర్పాటునే అనుమానించండి. అవతలి సర్వర్ మీ ఆచూకీ అడిగేది డొమైన్ మొదట్లోని ‘డాట్ వెల్-నోన్’ దారిలో. వర్డ్‌ప్రెస్ సబ్‌ఫోల్డర్‌లో ఉంటే ఆ ప్రశ్న అక్కడిదాకా చేరదు, రీడైరెక్ట్ పెట్టాలి. బయటి ప్రోగ్రాములు వర్డ్‌ప్రెస్‌తో మాట్లాడే రెస్ట్ ఏపీఐని సెక్యూరిటీ ప్లగిన్ మూసేసినా చిక్కే.

అసలు తలనొప్పి కాష్‌తో, అంటే పేజీల కాపీలు దాచుకుని అడిగినవాళ్లకు ఇచ్చే ఏర్పాటుతో. ఒకే లింకును బ్రౌజర్ మామూలు పేజీగా (హెచ్‌టీఎమ్‌ఎల్), మాస్టొడాన్ సర్వర్ ప్రోగ్రాములు చదివే డేటాగా (జేసాన్) అడుగుతాయి. తేడా చెప్పేది అభ్యర్థనతో పాటు వచ్చే ‘యాక్సెప్ట్’ హెడర్ ఒక్కటే. దాన్ని పట్టించుకోని కాష్ ఒకరిది ఇంకొకరికి ఇచ్చేస్తుంది. వ్యాసం తెరిచిన పాఠకుడికి జేసాన్‌లోని మీసాల బ్రాకెట్లు కనిపిస్తాయి. యాక్టివిటీపబ్ అభ్యర్థనలను కాష్ నుంచి మినహాయించండి.

ప్రొఫైల్‌లో పాత వ్యాసాలు లేవని కంగారుపడకండి. ఎవరైనా ఫాలో అయ్యాక ప్రచురించినవే వెళ్తాయి. కాబట్టి మరో అకౌంట్‌తో ఫాలో అయి, చిన్న పోస్టు వేసి చూడండి. దానికొచ్చే జవాబులు మీ సైట్‌లో వ్యాఖ్యలుగా చేరతాయి, నాకు అన్నిటికన్నా ఇష్టమైంది అదే.